రోలరు తొక్కిన నేల

గడ్డపార దిగలేదు. టంగుమని మోగి, మా ఆయన చేతుల్లోంచి జారి అవతల పడింది. గట్టు మీద నిలబడి చూస్తున్న బావగారు ఫక్కున నవ్వారు.

“ఏరా, పొలం తవ్వుతున్నావా, గంట కొడుతున్నావా?”

మా ఆయన గడ్డపార తీసుకుని మళ్ళీ ఎత్తి వేశారు. ఈసారి నాణెమంత పెచ్చు ఒకటి లేచింది. దాన్ని వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాను. నలగలేదు. కంకర పొడి, ఎప్పుడో కారిన డీజిలు వాసన. వానలు వెనకపట్టి చలి ఇంకా మొదలవని రోజులవి. బఠాణీ విత్తే అదను ముంచుకొస్తోంది, మా నేల చూస్తే ఇలా ఉంది.

ఇంకెవరో చేసిన పనైతే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కంకరకీ మిషన్లకీ జాగా కావాలని కాంట్రాక్టరు అడిగితే, ఇంటి పక్కనున్న మా పొలాన్ని చూపించింది మా ఆయనే. ఆ కాంట్రాక్టులోనే ఆయన రోలరు డ్రైవరు. మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడివేడిగా తినొచ్చని ఆయన ఆశ. కంకర గుట్టలు, తారు పీపాలు, లారీలు, వాటి మధ్య రోజూ సాయంత్రం ఆయన తెచ్చి నిలిపే రోలరు. పొద్దున ఇంజను వేడెక్కడానికని పొలంలోనే నాలుగు చుట్లు తిప్పి మరీ రోడ్డెక్కేవారు. మా నేలకు మేమే దగ్గరుండి ఇస్త్రీ చేయించుకున్నాం.

రోడ్డు పూర్తయింది. మిషన్లు వెళ్ళిపోయాయి. వాటితో వెళ్ళాల్సిన మనిషి మాత్రం ఇంట్లో ఉండిపోయారు. “ఇక చాలనిపించింది” అన్నారు, అంతే. నడుం నొప్పేమో, చెప్పుకోవడానికి మొహమాటమేమో అనుకున్నాను. అప్పట్నుంచీ వరండాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే. చొక్కాలు మానేసి తలమీంచి తొడుక్కునే బనియన్లలోకి దిగారు. చేతిలో గ్లాసు పెడితే ఠంగుమని కింద పడేది. పనిలేని కోపమంతా గ్లాసుల మీద చూపిస్తున్నారని నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

“స్టీలువి కాబట్టి సరిపోయింది. గాజువైతే ఈపాటికి ఊడ్చలేక చచ్చేవాళ్ళం” అనేది మా అత్తయ్య, సొట్టలు పడ్డ గ్లాసుల్ని ఒక్కొక్కటే దీపానికి పెట్టి చూస్తూ.

ఇంతలో కంకర వ్యాపారి ఒకాయన మా బావగారిని పట్టుకున్నాడు. పొలం శాశ్వతంగా కంకర యార్డుకి ఇచ్చేయమన్నాడు. అన్నదమ్ముల ఉమ్మడి పొలం, పెద్దవాడి మాటే చెల్లుతుంది. బావగారు చెడ్డవారు కాదు. తమ్ముడికి మేలు చేస్తున్నాననే ఆయన నమ్మకం.

“వీడికీ పని దొరుకుతుందమ్మా” అన్నారు నాతో. “చెట్టు కింద కుర్చీ వేసుకుని వచ్చే లారీని రానివ్వడం, పోయే లారీని పోనివ్వడం. ఇంతకంటే సుఖమేముంది?”

ఆ మాటకు మా ఆయన ముఖం చూశాను. అందులో ఏమీ లేదు, అదే నన్ను భయపెట్టింది. వరండాలో కుర్చీ, అక్కడ ఇంకో కుర్చీ. మధ్యలో ఈ మనిషి. నలభై దాటిన మనిషి అలా కూర్చుని కూర్చుని నా కళ్ళముందే కొయ్యబారిపోతాడేమోనని నా భయం.

“బావగారూ, ఒక్క పంట చూడనివ్వండి” అన్నాను. “బఠాణీ వేస్తాం. మా పుట్టింట్లో ప్రతి చలికాలం అదే. తొందరగా చేతికొస్తుంది, నేలకూ మంచిది.”

“ఈ నేలలోనా?” బావగారు కాలితో తన్ని చూపించారు. చెప్పు చప్పుడయింది, దుమ్ము కూడా లేవలేదు. “సరే. నీ ముచ్చట నేనెందుకు కాదనాలి? బఠాణీ మొలిచి నిలబడితే పొలం మీరే దున్నుకోండి. లేదంటే కంకర దిగుతుంది. అప్పుడు నా ముందుకొచ్చి కళ్ళు ఒత్తుకోకూడదు, ముందే చెబుతున్నా.”

అదీ ఒప్పందం.

*

ముందు కంకర ఏరాం. తట్టలకు తట్టలు. ఏరినకొద్దీ కింద ఇంకా ఉండేది, నేలే దాన్ని కంటున్నట్టు. ఆ పని అయ్యాక మా ఆయన ఎక్కణ్ణుంచో పొడుగాటి ఇనుప చువ్వ తెచ్చి, చెప్పులు విడిచి, పొలమంతా అడుగడుగునా పొడుస్తూ తిరిగారు. చాలా రోజుల తర్వాత ఆయన నిటారుగా నడవడం చూశాను.

“పైన జానెడు మందం ఎలాగోలా వదులవుతుంది. దాని కిందే ఉంది అసలు గట్టిది. మూరెడు లోతు దాకా దిగింది” అన్నారు. “రోలరు బరువు పైన కనిపించదు, అడుగున కూర్చుంటుంది. అది పగిలితే గానీ వేరు పోదు, నీళ్ళూ పోవు.”

నాకు తెలిసిన సంగతే. బఠాణీ వేరు కింద గోడ తగిలితే అక్కడే ముడుచుకుంటుంది. పైన నీళ్ళు నిలిచాయంటే కుళ్ళిపోతుంది. అయినా ఆయన నోటివెంట వరసగా అన్ని మాటలు వస్తుంటే తెలియనట్టే విన్నాను.

ట్రాక్టరు అబ్బాయిని పిలిపించాం. వాడిని అందరూ సౌండు అనే పిలుస్తారు. ట్రాక్టరు ఇంజను చప్పుడు కూడా వినబడనంత గట్టిగా పాటలు పెట్టుకుని తిరుగుతాడు. ఒకే ఒక్క పొడుగాటి ఇనుప కోర ఉండే నాగలి వాడి దగ్గరుంది. నేలను తిరగెయ్యదు, లోపల గట్టిపడ్డ పొరను చీల్చుకుంటూ పోతుంది.

“పొడిగా ఉన్నప్పుడే వెయ్యాలి అన్నా” అన్నాడు సౌండు. “పొడిగా ఉంటే లోపలంతా పెళపెళా పగులుతుంది. తడిగా ఉంటే కత్తితో కోసినట్టు కోసి, వెనకే అతుక్కుపోతుంది. చేసిన పనికి రెట్టింపు చెడుపు.”

“తెలుసులేరా” అన్నారు మా ఆయన.

మర్నాడు రావాల్సిన ట్రాక్టరు రాలేదు, వాన వచ్చింది. వెనకపట్టిన వాన, దారి తప్పి వచ్చినట్టు వచ్చి రెండు రోజులు కదల్లేదు. మా పొలంలో నీళ్ళు పడ్డవి పడ్డట్టే నిలిచాయి, ఒక్క చుక్క లోపలికి ఇంకలేదు. వరండాలో నిలబడి చూస్తే పళ్ళెంలో నీళ్ళు పోసినట్టుంది. చుట్టుపక్కల పొలాలవాళ్ళు అప్పటికే విత్తేసుకుని హాయిగా ఉన్నారు. నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను.

“నువ్వలా తిరిగితే ఎండ రాదు కానీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి, కూర్చో” అంది అత్తయ్య.

కాలవలు తీసి నీళ్ళు బయటికి పంపాం. ఎండ కాసింది. రోజూ పొద్దున్నే మా ఆయన పొలంలోకి వెళ్ళడం, గుప్పెడు మట్టి పిసకడం, రావడం. నేల దున్నడానికి పదునుకొచ్చిందా లేదా అనేది చేతికే తెలియాలి, కంటికి తెలియదు. పైన తెల్లబడి ఎండినట్టే ఉంటుంది, లోపల నెమ్ము దాచుకుని ఉంటుంది. “ఇంకా లేదు” అనేవారు. నేను అడగడం మానలేదు. రోజుకోసారి అడిగేదాన్ని పూటకోసారి అడగడం మొదలుపెట్టాను. “అదను దాటిపోతోందండీ” అన్నాను. “పక్కవాళ్ళవి మొలకలొచ్చేశాయి” అన్నాను. ఏదో ఒకటి అంటూనే ఉన్నాను.

ఒకరోజు పొద్దున వచ్చి, “పదునుకొచ్చింది. సౌండుని రమ్మన్నా” అన్నారు.

ప్రాణం లేచొచ్చింది. వంటపని తొందరగా ముగించి, క్యారియరు పట్టుకుని వెళ్ళేసరికి సగం పొలం అయిపోయింది. గట్టు మీంచి చూస్తే ఏదో తేడాగా అనిపించింది. కోర వెళ్ళిన చోట నేల పగలలేదు. నున్నగా, తళతళలాడుతూ పెళ్ళలు పెళ్ళలుగా లేచి ఉంది. ట్రాక్టరు చక్రాల గాడులు మెరుస్తున్నాయి. వంగి గుప్పెడు తీసి పిసికాను. ముద్దయింది. వేళ్ళ గుర్తులు దానిమీద అచ్చుపడ్డాయి. నడుమెత్తు నుంచి వదిలాను. పదునుకొచ్చిన మట్టయితే పడి విడిపోవాలి. అది పచ్చి పిండిముద్దలా పడి, పడ్డచోటే అతుక్కుంది.

“ఆపరా, ఆపు!” అని అరిచాను. పాటల్లో వాడికేం వినబడుతుంది? క్యారియరు గట్టుమీద పెట్టి పరిగెత్తుకెళ్ళి ట్రాక్టరుకి ఎదురు నిలబడ్డాను.

పాట ఆగింది. “అన్నే చూశాడక్కా” అన్నాడు సౌండు, దొంగతనంలో పట్టుబడ్డవాడిలా. “నేను అడిగాను కూడా. పిసికి చూసి ఎండిందన్నాడు.”

మా ఆయన చేతిలో ఇంకా మట్టి ముద్ద ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు, అదేదో భాషలో రాసి ఉన్నట్టు.

“ఇంత తడిగా ఉందే, ఎలా అన్నారండీ ఎండిందని?”

ఆయన ముద్ద కిందపడేసి ఇంటిదారి పట్టారు. భోజనం కూడా చెయ్యలేదు.

*

ఆ పెళ్ళలు ఎండకు మాడి ఇటుకలయ్యాయి. కబురు చేరిందేమో బావగారు దిగారు. ఒక పెళ్ళను చెప్పుకాలితో తన్ని, కాలు పట్టుకుని కాసేపు కుంటుతూ తిరిగారు.

“ఇటుకలు బ్రహ్మాండంగా కోశారు. బట్టీ పెట్టుకోండి, బఠాణీ కంటే అదే నయం.”

వెళుతూ వెళుతూ స్కూటరు వెనక కట్టుకొచ్చిన కొత్త ప్లాస్టిక్ కుర్చీ విప్పి గట్టుమీద చెట్టు కింద వేశారు. ఎరుపు రంగుది. “ఎలాగూ కావాలిగా” అన్నారు. వెటకారంగా కూడా అనలేదు. నిజంగానే తమ్ముడి సుఖం కోసం వేశారు. అందుకే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజంతా నేను ఏ పని చేస్తున్నా ఆ ఎర్ర కుర్చీ కళ్ళముందే ఉంది.

సాయంత్రం టీ పెట్టాను. పొయ్యిమీద టీ గిన్నె తెర్లుతోంది. నేను గిన్నె దించడానికి మసిగుడ్డ వెతుక్కుంటున్నాను. ఎక్కడ పెట్టానో కనిపించదు. మా ఆయన నీళ్ళకోసం వంటింట్లోకి వచ్చారు. టీ పొంగబోయింది. ఆయన చెయ్యి చాచి, వట్టి చేత్తో గిన్నె అంచు పట్టుకుని, తాపీగా దించి పక్కన పెట్టారు.

తాపీగా. అదీ నేను చూసింది. ఒక్క అబ్బా లేదు, చెయ్యి విదిలించడం లేదు. వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలిపోయాయి. ఆయన వాటివంక చూసుకోలేదు. నావంక చూశారు. నేను చూశానని ఆయనకు తెలిసిపోయింది.

గ్లాసులు గుర్తొచ్చాయి. మూలపడ్డ చొక్కాలు, పెట్టుకోలేని ఆ బొత్తాలు గుర్తొచ్చాయి. ఎగిరిపడ్డ గడ్డపార. మట్టిముద్ద.

ఆయన చెయ్యి పట్టుకెళ్ళి చన్నీళ్ళ చెంబులో ముంచాను. “ఎప్పట్నుంచి?” అన్నాను.

“రోడ్డు పని సగంలో ఉండగానే మొదలైంది. మొదట తిమ్మిరి. రోలరు దిగినా చేతుల్లో అదురు ఆగేది కాదు. తర్వాత ఆ అదురు కూడా తెలియడం మానేసింది.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. “డాక్టరుకి చూపించా. ఇక రోలరు ఎక్కొద్దన్నాడు. పోయిన స్పర్శ రావచ్చు, రాకపోవచ్చన్నాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

చెంబులో చెయ్యి కదిపారు. “చెబితే ఆ కుర్చీ నువ్వే తెచ్చి వేస్తావనుకున్నా.”

నాకు జాలి తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు కలిసి బతికి ఈ మనిషి నా గురించి ఇదా అనుకున్నది! ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆయన ఎదుట ఏడవలేక టీ వడపోస్తూ నిలబడ్డాను. గ్లాసులో పోసి, ఆయన చేతికివ్వకుండా బల్లమీద పెట్టాను.

“రేపట్నుంచి మట్టి నేను పిసుకుతాను” అన్నాను.

*

సగం పొలం ఇంకా చేతిలోనే ఉంది. రోజూ పొద్దున ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆయన బొరిగెతో జానెడు లోతు తవ్వి అడుగు మట్టి తీసేవారు, నేను పిసికి వదిలేదాన్ని. ముద్ద పడి అతుక్కునేది. మర్నాడు మళ్ళీ. పైన మబ్బు పట్టినప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. ఇంకో వాన పడితే ఈ ఏడు లేనట్టే. అయినా ఈసారి తొందరపడలేదు. అలవాటుకొద్దీ “అదను దాటిపోతోంది” అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ మాట పదేపదే అనబట్టే కదా ఆ రోజు ఆయన చేత ఎండిందనిపించాను.

చివరికి ఒక పొద్దున మట్టిముద్ద నేలమీద పడి పొడిపొడిగా విడిపోయింది. నేను ఇంకోటి వేశాను, నమ్మలేక. అదీ విడిపోయింది.

“ఎలా ఉంది?” అని ఆయన అడుగుతున్నారు, కళ్ళతో చూస్తూ కూడా.

“విరిగింది. పిలవండి సౌండుని.”

సౌండు వచ్చాడు. మా ఆయన మొదటి మాటే, “పాట ఆపరా” అన్నారు. చెప్పులు విడిచి నాగలి పక్కనే నడిచారు. చేతులు పోయినా ఆయన అరికాళ్ళు పోలేదు. రోలరు మీదున్నప్పుడు నేల పూర్తిగా అణిగిందో లేదో ఆయనకు ఒంటికే తెలిసేదట. అణగాల్సినంత అణిగాక రోలరు గంతులెయ్యడం మొదలుపెడుతుందట. ఇప్పుడు అదే విద్య తిరగేశారు.

“ఇక్కడ ఊరికే కోస్తోంది. ఇంకాస్త దింపు... ఆ, పగులుతోంది. పోనీ, పోనీ.”

నేనూ చెప్పులు విడిచి ఆయన వెనకే నడిచాను. నిజమే, నేల లోపల్నుంచి సన్నగా వణుకుతోంది. గోడ కూలేముందు మట్టి రాలినట్టు పెళపెళమని చప్పుడు. నా జన్మలో అంత మంచి చప్పుడు వినలేదు. ఆ సగం అయ్యాక, ఎండి ఇటుకలైన సగంలో కూడా అడ్డంగా ఇంకోసారి వేయించారు. అక్కడ అంత బాగా పగల్లేదు. కొన్నిచోట్ల ఆయన ముఖం చూస్తేనే తెలిసేది.

పైన పెళ్ళలు కొట్టడం మా వంతు. నీళ్ళు చిలకరించి, కాస్త నానాక కొయ్య సుత్తులతో బాదాం. అత్తయ్య ఇంట్లోంచి రోకలి తెచ్చుకుని పీట వేసుకు కూర్చుంది. “ఇది మీ బావగారి తల, ఇది కంకరవాడి తల” అంటూ ఒక్కొక్క పెళ్ళనే పేరుపెట్టి మరీ దంచింది. పెద్దకొడుకు తల దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా దంచినట్టనిపించింది. ఎరువు చల్లాం. ఇక ఆ తర్వాత ట్రాక్టరుని గట్టు దాటనివ్వలేదు.

గొడవ వచ్చిందల్లా చదును దగ్గర. మా ఆయనకు ఒక్క బెడ్డ కనిపిస్తే చాలు, వెళ్ళి చితక్కొట్టేస్తారు. చూస్తుండగానే ఒక మూల అద్దంలా తయారైంది.

“ఇది రోడ్డు కాదండీ! ఎవరూ కారేసుకుని రారు!”

“ఎగుడుదిగుడుగా ఉంటే చూడలేనే.”

“చూడకండి. అంత మెత్తగా చేస్తే ఒక్క వానకు అట్టకట్టి మొలక పైకి రాదు. నిమ్మకాయంత బెడ్డలు ఉండాలి. ముట్టుకోకండి.”

పక్కకెళ్ళి నిలబడ్డారు కానీ కాళ్ళు నిలవలేదు. నేను చూడనప్పుడు ఇంకో నాలుగు బెడ్డలు చితక్కొట్టారు.

విత్తనాలు వేసిన మూడో రోజు ఆ ఒక్క వానా వచ్చింది. పెద్దది కాదు, మమ్మల్ని ఏడిపించడానికి సరిపోయేంత. బెడ్డలున్న చోట నీళ్ళు హాయిగా ఇంకాయి. అద్దంలా చేసిన మూల మాత్రం ఎండకు అట్టకట్టింది. ముళ్ళకంప తాడుకి కట్టి, విత్తనం కదలకుండా, దువ్వెనతో దువ్వినట్టు పైపైన లాగాం. ఆయన తాడు భుజానికి వేసుకుని లాగుతున్నారు. అరచేయి కోసుకుపోయి రక్తం కారుతున్నా తెలియలేదు. నేను ఆపి, నా కొంగు చించి కట్టు కట్టాను.

ఇక ఎదురుచూడటమే. ఆ రోజులు నాకు తలచుకుంటే ఇప్పటికీ ఆయాసం వస్తుంది. అన్నం సహించేది కాదు. అందరూ నిద్ర లేవకముందే పొలంలో ఉండేదాన్ని. ఒక విత్తనం తవ్వి చూశాను. ఉబ్బింది. మర్నాడు ఇంకోటి. చిన్న తోక వచ్చింది. “అలా తవ్వి చూస్తూ పోతే పంటంతా నువ్వే తినేస్తావు” అంది అత్తయ్య. గట్టుమీద ఎర్ర కుర్చీ అలాగే ఉంది. ఎవరం దాన్ని ముట్టుకోలేదు, దానిలో కూర్చోలేదు.

మొలకలొచ్చాయి. బాగా పగిలిన సగంలో బారులు తీరి వచ్చాయి. చెడిన సగంలో ఇక్కడొకటి, అక్కడొకటి, పిలవని పేరంటానికి వచ్చినట్టు బితుకుబితుకుమంటూ వచ్చాయి.

*

మొక్కలు నాలుగు జతల ఆకులు తొడిగాక బావగారు వచ్చారు. చాలాసేపు గట్టుమీంచే చూశారు.

“మొలిచాయి, కాదనను” అన్నారు. “కానీ మొలవడానికేముంది, సిమెంటు పగుల్లో కూడా మొలుస్తాయి. నిలబడతాయా అన్నది మాట. వేరు దిగకపోతే పూతకు రాకముందే పడిపోతాయి. వేరు చూపించండి.”

నేను బాగా పగిలిన సగం వైపు అడుగేశాను.

“అక్కడ కాదమ్మా. ఇక్కడ.” బావగారు చెడిన సగంలోకి నడిచి, ఒంటరిగా ఉన్న ఒక మొక్క దగ్గర ఆగారు. “ఇది. నువ్వు తియ్యరా.”

మా ఆయన మొక్క పక్కన గొంతుక్కూర్చున్నారు. చెయ్యి చాచారు. ఆ చెయ్యి అలాగే మొక్క మీద ఆగింది. ఏదో ఒకటి అని నేనే ముందుకు తోసుకెళ్ళాలనుకున్నాను. కానీ అక్కడే నిలబడ్డాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“నా వేళ్ళకు స్పర్శ లేదన్నయ్యా” అన్నారు. “చాలా రోజులైంది. డాక్టరుకీ చూపించా. పట్టుకుంటే వేరు తెంపేస్తాను. తను తీస్తుంది.”

బావగారు తమ్ముడి చేతులవంక చూసి, చూపు తిప్పుకుని, గట్టుమీది కుర్చీవంక చూశారు. ఆయన ముఖంలో అలాంటి కలవరం నేనెప్పుడూ చూడలేదు.

నేను కూర్చుని బొరిగెతో మొక్క పక్కన తవ్వడం మొదలుపెట్టాను. కొంచెం కొంచెంగా, మట్టిని వేళ్ళతో తొలుస్తూ. వేరు తెల్లగా, తిన్నగా దిగింది. జానెడు దాకా బాగానే ఉంది. అక్కడ బొరిగె టక్కుమంది. గట్టిపొర. వేరు దానికి తగిలి పక్కకు తిరిగింది. బావగారు వంగి చూస్తున్నారు, ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. పక్కకు తిరిగిన వేరు వెంటే వేలు పోనిచ్చాను. గోడ పట్టుకుని చీకట్లో నడిచే మనిషిలా అది ఆ పొర మీదే పాక్కుంటూ పోయింది. వేలెడు దూరం. ఇంకాస్త దూరం. అక్కడ సన్నని పగులు తగిలింది. గోరు పట్టేంతే ఉంది. వేరు అందులోకి మలుపు తిరిగి కిందికి దిగింది. నేను తవ్వాను. అది ఇంకా దిగింది. మోచెయ్యి లోతుకు వెళ్ళినా దాని చివర నాకు దొరకలేదు.

“దిగింది” అన్నాను.

బావగారు మోకాళ్ళమీద కూర్చుని గోతిలో చెయ్యిపెట్టి తడిమి చూశారు. పట్టుకుని చూసి, మెల్లగా వదిలేశారు. లేచి, చేతులు దులుపుకుని, గట్టెక్కారు. ఎర్ర కుర్చీ తీసి స్కూటరుకి కట్టుకోవడం మొదలుపెట్టారు.

“ఎండకు పాడైపోతుంది” అన్నారు, మావైపు చూడకుండా. “కంకరవాడికి వేరేచోట చూపిస్తాలే.” స్కూటరు కదిలించబోయి మళ్ళీ ఆగారు. “ఒరేయ్, ఆ డాక్టరు కాకపోతే ఇంకో డాక్టరు. రేపు పొద్దున రెడీగా ఉండు.”

స్కూటరు చప్పుడు దూరమయ్యేదాకా మా ఆయన గోతి పక్కనే కూర్చుని ఉన్నారు.

“ఎంత లోతుకు పోయింది?” అని అడిగారు.

చెప్పాను. నమ్మనట్టు చూశారు. ఆ మొక్క ఇక ఎలాగూ బతకదు. వేరు తెగినంత మేర పైకి లాగి, మట్టి దులిపి, ఆయన చెయ్యి పట్టుకుని మోచేతి మడత తిప్పాను. రోలరు అదురు అంతదాకా ఎక్కలేదు. తెల్లటి వేరుని అక్కడ ఆనించాను.

“తెలుస్తోందా?”

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను వేరుని అక్కడే ఇంకాస్త ఆనించి పట్టుకున్నాను.

“చల్లగా ఉంది” అన్నారు.